బండి కింది కూనిరాగం

మా అత్తగారి ఇల్లు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే రోడ్డును ఆనుకొని ఉండేది. వాకిట్లో రోడ్డుకు ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు కామారెడ్డి, ఎడమచేతి వైపు ఎల్లారెడ్డి. ఆ ఇంట్లో ముందు, వెనక, కుడి, ఎడమ అనే మాటలు ఎవరూ వాడేవారు కాదు. "చెంబు జర కామారెడ్డి దిక్కు జరుపు" అనేది మా అత్తమ్మ. "ఎల్లారెడ్డి దిక్కు కన్ను అదురుతున్నదే" అని, నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి మా ఆయన అంటే, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయాను. ఏడాది తిరగకముందే నాకూ అదే మాట పట్టుబడింది.

నేను బడికి పోలేదు. మా పుట్టింటి ఊరు బీర్కూరు దగ్గర. మా బాపు వడ్రంగి. నాగళ్లు చెక్కుతూనే పక్కన పలక పెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. అక్షరాలయ్యాక లెక్కలు, లెక్కలయ్యాక కొలతలు. దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువు చూడటం, అట్టముక్కను అర్ధచంద్రంగా కోసి అంచున గీతలు పెట్టి వాలు కొలవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ అట్ట నా పెట్టెలో, దేవుడి పుస్తకాల మధ్య, అత్తగారింటికి వచ్చింది. దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ ముందు దేవుణ్ని, తరవాత బాపును తలచుకుంటాను.

ఎనభైల నాటి సంగతి. మా ఆయన చుట్టుపక్కల ఊళ్లలో వండిన బెల్లాన్ని కామారెడ్డి మార్కెట్టుకు తోలేవాడు. దానికోసం మద్నూరు దిక్కున ఒక పటేలు ఇంట్లో, పశువుల కొట్టంలో పడి ఉన్న పాత పికప్ బండిని కొని తెచ్చాడు. ఏ కాలం నాటిదో తెలియదు. గుండ్రటి మూతి, కప్ప కళ్లలాంటి దీపాలు, వెనక సామాను వేసే రేకు తొట్టి. బండి వాకిలి దాటుతుంటే ఆ ఇంటి ముసలావిడ వచ్చి మూతికి కుంకుమ పెట్టి, "జా బాయీ" అందట. పో తల్లీ అని మరాఠీలో. "బండికి చెప్పినట్టు లేదే. బండ్లె ఎవలో కూసున్నట్టు చెప్పింది" అని మా ఆయన ఇంటికొచ్చి నవ్వాడు. నేను నవ్వలేదు. చేతులు జోడించాను. ఎవరి దీవెన అయినా దీవెనే కదా అనుకున్నాను.

ఆ ఏడు మా అత్తమ్మ కాలికి పుండు లేచింది. చక్కెర జబ్బు. వారం వారం కామారెడ్డి తీసుకొచ్చి కట్టు కట్టించాలని, మానేస్తే విషం పైకి పాకుతుందని, అప్పుడు కాలో ప్రాణమో ఒకటి పోతుందని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆమె మోకాళ్లు వంగవు. బస్సు ఎక్కలేదు. పికప్ తొట్టిలో పరుపు వేసి కాళ్లు చాపి కూర్చోబెట్టాలంటే, ఆ తొట్టేమో ఆమె నడుము ఎత్తున ఉంది. మొదటిసారి మా ఆయన, పక్కింటాయన కలిసి చంకల్లో చేతులు వేసి ఎత్తారు. పైకి చేరాక ఆమె ముఖం చూడలేకపోయాను.

"పీనుగనెత్తినట్టు ఎత్తిండ్రు గదరా నన్ను" అంది కొడుకుతో. "ఇగ రాను. నా కాళ్లతోని నేనెక్కేదుంటే వస్త. లేకుంటే ఇంట్లనే కుళ్లిపోత."

ఆమె అన్నదంటే అన్నదే. మరుసటి వారం కదలలేదు.

కామారెడ్డిలో మా బండి చూసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. మా ఆయన పోయి గోడు చెప్పుకుంటే, "అరె బేటా, అమ్మ ఎక్కకుంటే బండినే కూసోబెడ్త" అని సామాను మూట కట్టుకొని మా వాకిట్లోకే వచ్చాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల్లో కొన్ని తీసేశాడు. పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టాడు. బండి నిజంగానే కూర్చుంది. తొట్టి అంచు అత్తమ్మ మోకాలికి కొంచెం పైన ఆగింది. ఒక పీట వేస్తే చాలు.

"అయిపోయిందా చాచా?" అన్నాడు మా ఆయన.

"ఏడైంది? బండి కూసున్నది గాని, కిందున్న షాఫ్టుకు గా ముచ్చట ఎవడు చెప్పిండు?" అని చాచా రెండు చేతులూ చాపి చూపించాడు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగు షాఫ్టు తిరుగుతుంది. దాని రెండు కొసలకూ కీళ్లుంటాయి. గేరుబాక్సు తోక ఎంత వాలి ఉందో షాఫ్టు వచ్చి కలిసే ఇరుసు మూతి కూడా అంతే వాలులో దానికి ఎదురుగా లేవాలి. "రెండు కీళ్లు ఒక్క తీరుగ వంగాలె. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వంగితే షాఫ్టు సక్కగ తిరగది. ఉరుకుతది, ఆగుతది, మల్ల ఉరుకుతది. మోకాళ్లు సరిగ లేని అమ్మ తీరు."

"నా మోకాళ్లు నీకెందుకురా తమ్మీ?" అని అరుగు మీంచి అత్తమ్మ కసిరింది.

"నీ మోకాళ్లకే గదక్కా ఇదంత!"

వాలు కొలవడానికి నేను బాపు ఇచ్చిన అట్ట, గుండు, దారం తెచ్చి ఇచ్చాను. చాచా కిందికి దూరి అటు ఒకసారి, ఇటు ఒకసారి పెట్టి చూశాడు. ఇరుసు మూతి కొంచెం పైకి లేవాలన్నాడు. దానికి దిమ్మ మీద ఏటవాలు ఇనుప ముక్కలు, ఒక కొస మందంగా, ఒక కొస పల్చగా ఉండేవి పెట్టాలి. పల్చటి కొస బండి వెనక్కి ఉండాలి. అప్పుడు బండి ముఖం ఎల్లారెడ్డి వైపు ఉంది కాబట్టి, "పల్చటి కొస కామారెడ్డి దిక్కు" అన్నాడు చాచా. మా ఇంట్లో తిని, మా ఇంటి మాటే మాట్లాడాడు. మా అందరికీ అర్థమైంది కూడా.

ముక్కలు కామారెడ్డిలో లేతు మిషను మీద కోయించాలి. చాచా వెళ్లాడు. కానీ తిరిగి ఆయన రాలేదు. గల్ఫుకు పోయే కొడుకును ఎక్కించడానికి ఉన్నపళంగా బొంబాయికి బయలుదేరుతూ, ఆ ముక్కలను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. పల్చటి కొసల మీద సుద్దతో ఒక ఉర్దూ అక్షరం రాసి ఉంది. "గుర్తున్న కొస కామారెడ్డి దిక్కు పెట్టుమన్నడు" అని కండక్టరు కిటికీలోంచి అరిచి చెప్పి పోయాడు.

ఈలోగా మా అత్తమ్మ ఊరుకోలేదు. "పడమటి మొఖం పెట్టుకున్న బండికి కొత్త ఇనుము ఎక్కిస్తరా? సూర్యుని మొఖం చూడనియ్యిరి ముందు" అంది. ఆ ఇంట్లో బండి అయినా ఎద్దు అయినా తూర్పు ముఖంగా నిలబెట్టి కొబ్బరికాయ కొట్టాకే కొత్తది ఏదైనా పెట్టేవారు. మా ఆయన నలుగురిని పిలిచి బండిని నెట్టి తిప్పించాడు. కాయ కొట్టి, కర్పూరం వెలిగించి, కిందికి దూరి, గుర్తున్న కొసలను చాచా చెప్పిన దిక్కుకే పెట్టి బోల్టులు బిగించాడు.

ఆ వారం అత్తమ్మ పీట మీద కాలు పెట్టి, తొట్టి అంచు పట్టుకొని, తనంతట తాను ఎక్కింది. పరుపు మీద కాళ్లు చాపుకొని, దేశం గెలిచినట్టు చుట్టూ చూసింది. నేను పక్కన కూర్చున్నాను. మనసులో చాచాకు, ఆ ఇనుము కోసిన ముఖం తెలియని మనిషికి, అందరినీ నడిపించే ఆ పైనున్న తండ్రికి దండం పెట్టుకున్నాను.

దారిలో టేకు చెట్లు రెండు వైపులా దగ్గరగా వచ్చే చోటు ఒకటుంది. రోడ్డు అక్కడ తిన్నగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. మా ఆయన కొంచెం వేగం పెంచాడు.

అప్పుడు వినిపించింది.

చెవికి వినపడింది అనడం కూడా సరికాదు. ముందు తుంటి ఎముకల్లోకి వచ్చింది. తరవాత పళ్లలోకి. ఆ తరవాత గానీ అది ఒక గొంతులాంటిదని తెలియలేదు. నోరు మూసుకొని ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, లేచి, పడి, మళ్లీ లేచి. పడేచోట కొంచెం విరిగేది. నేను అటూ ఇటూ చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. అత్తమ్మ అరచేతిని రేకు మీద ఆనించి, తల వంచి వింటున్నది. ఆమె ముఖంలో భయం లేదు. అది చూసే నాకు భయమేసింది.

"మా పెద్దది" అంది.

మా ఆయన కన్నా ముందు పుట్టిన ఆడపిల్ల ఒకతె ఉండేదని, పెళ్లి కాకముందే జ్వరంతో పోయిందని నాకు తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ పిల్ల మాట ఎత్తేవారు కాదు. ఆ రోజు బండిలో అత్తమ్మ చెప్పింది. ఆ పిల్ల చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేదట. చుట్టేటంతసేపూ నోరు తెరవకుండా కూనిరాగం తీసేదట. "గిట్లనే. గీడనే ఇరిగేది గొంతు. నేను తిట్టేదాన్ని, మూగదాని లెక్క ఏందే ఆ కూత అని."

చెట్లు అయిపోయి ఊరు వచ్చింది. బండి మెల్లగయింది. ఆ గొంతు ఆగిపోయింది.

మరుసటి వారం ఆమె అటక మీంచి పాత చేట దింపించింది. ఆ పిల్లది. దాన్ని తుడవనివ్వలేదు. మూలల్లో ఇంకా తునికాకు తుంపులు, తంబాకు పొడి ఉన్నాయి. దాన్ని తొట్టిలో, రేకు మీద, తన కాళ్ల పక్కన పెట్టుకుంది. టేకు చెట్ల దగ్గరికి రాగానే ఆ గొంతు లేచింది. చేటలో ఆకు తుంపులు కదిలాయి. గాలి లేదు. ఒక్కొక్కటే వణుకుతూ, జరుగుతూ, కనపడని చేయి ఏదో ఊడ్చినట్టు ఒక అంచుకు చేరి వరుసగా నిలబడ్డాయి. రామా, రామా అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. "వస్తున్న బిడ్డా, వస్తున్న" అని అత్తమ్మ రేకుతో చెబుతున్నది.

ఆసుపత్రి ముందు బండి ఆగితే ఆమె దిగలేదు.

"పనైపోయింది. మళ్లుదాం పా."

"కట్టు కట్టించుకోవాలె గదనే అవ్వా!" అన్నాడు మా ఆయన.

"ఎందుకురా? అది పిలుస్తున్నది. నేను పోకముందే పుండు మానితే మల్ల ఎన్నేండ్లు ఆగాలె?"

మొగుడూ పెళ్లాలం బతిమిలాడాం. కొడుకు కసిరాడు, ఏడ్చాడు. ఆమె రేకు మీద చేయి తియ్యలేదు. కట్టు లేకుండానే తిరిగి వచ్చాం. తరవాతి వారమూ అంతే. బండి ఎక్కడానికి మాత్రం తయారుగా ఉండేది. తెల్లారే తల దువ్వుకొని, కడిగిన చీర కట్టుకొని, పీట దగ్గర నిలబడేది. మాత్రలు ఇస్తే కొంగున ముడివేసుకొని గోడ పక్కన పడేసేది. పుండు వాసన గది దాటి వాకిట్లోకి వచ్చింది.

అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు మా బండి పోతుంటే చేటలు ఒళ్లోంచి దింపి పక్కన పెట్టేవారు. "మద్నూరోళ్లు ఊకెనే అమ్మిండ్రా? జా బాయీ అన్నదట గద ముసల్ది!" అని ఒకామె. "గా బాయి కాదే, ఈమె బిడ్డనే" అని ఇంకొకామె. మా ఆయన నిమ్మకాయలు కట్టాడు. దర్గాలో ఊదు వేయించాడు. ఎల్లారెడ్డిలో ఇంకో మెకానిక్ దగ్గర చక్రాలు మార్పించాడు, కీళ్లకు గ్రీజు పెట్టించాడు. గొంతు పోలేదు.

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. కళ్లకు కనిపించనివి లేవని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఒక్క సంగతి నన్ను తొలిచేది. టేకు చెట్ల దగ్గర మా ఆయన యాక్సిలేటరు మీంచి కాలు తీస్తే ఆ గొంతు ఆగేది. తొక్కితే లేచేది. చచ్చిపోయిన ఆడబిడ్డ తల్లి కోసం వచ్చిందంటే నమ్ముతాను. తమ్ముడి కాలు చెప్పినట్టు ఎందుకు వింటుంది? ఈ మాట ఎవరితో అనాలో తెలియక పొద్దున్నే దీపం ముందు కూర్చొని దేవుడికే చెప్పుకునేదాన్ని.

ఒకరోజు పగటిపూట అత్తమ్మ కొడుకును పిలిచి మంచం తిప్పమంది. ఆమె మంచం అరుగు మీద, తల కామారెడ్డి వైపు పెట్టి ఉండేది. బండి వాకిట్లో అదే వైపున ఆగి ఉంది. "తల ఎల్లారెడ్డి దిక్కు పెట్టు. బండి కండ్ల ముందట ఉండాలె" అంది. అతను మంచం తిప్పాడు. నేను వంటింట్లోంచి, "నీళ్ల చెంబు కామారెడ్డి దిక్కు పెట్టు" అని కేకేశాను. ఎప్పుడూ అక్కడే కదా పెట్టేది.

కాసేపటికి అత్తమ్మ గొంతు. "నీళ్లేవే పిల్లా?"

"ఆన్నే ఉన్నయి అత్తమ్మా, కామారెడ్డి దిక్కు."

"ఏదే? లెవ్వు."

చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చాను. ఆమె కళ్లు బండి మీదే ఉన్నాయి. చేయి మాత్రం తల పక్కన, ఉత్త నేలను తడుముతున్నది. చెంబు ఆమె కాళ్ల దగ్గర ఉంది. మేం పెట్టిన చోటు తప్పు కాదు. అన్న మాట తప్పు కాదు. మనిషి తిరిగింది, మాట తిరగలేదు.

నేను చెంబు ఆమె చేతికి అందించాను. వాకిట్లోకి దిగి మా ఆయన్ని అడిగాను.

"చాచా కొలిచిననాడు బండి మొఖం ఎటుండె?"

"ఎల్లారెడ్డి దిక్కు."

"నువ్వు ముక్కలు పెట్టిననాడు?"

అతను నా ముఖం చూశాడు. తరవాత బండిని చూశాడు. "చాచా చెప్పిన దిక్కుకే పెట్టిన గదా" అన్నాడు, అంటూనే బండి కిందికి వంగి చూశాడు. అట్ట, గుండు, దారం పట్టుకొని ఇద్దరం కిందికి దూరాం. చీరకు గ్రీజు అంటుకుంటున్నా చూసుకోలేదు. గేరుబాక్సు తోక దగ్గర దారం ఒక గీత మీద ఆగింది. ఇరుసు మూతి దగ్గర అదే గీత మీద ఆగవలసినది ఆగలేదు. మూతి పైకి లేవడానికి బదులు నేల చూస్తున్నది. బండి ముఖం తూర్పుకు, అంటే కామారెడ్డికి తిరిగాక, పల్చటి కొస ముందుకు పోయింది. చాచా తగ్గించమన్న తేడాను మేం పెంచి పెట్టుకున్నాం. వేగం పెరిగితే షాఫ్టు ఉరికి, ఆగి, మళ్లీ ఉరికి, ఆ వణుకే తొట్టి రేకులోకి ఎక్కుతున్నది.

జాకీ ఎత్తి, బోల్టులు వదులు చేసి, ముక్కలు తిప్పి పెట్టాడు. మళ్లీ నేను దారం పట్టాను. ఈసారి రెండు చోట్లా ఒకే గీత. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు చేయి నా చేయి మీద ఉన్నట్టే అనిపించింది.

కానీ బోల్టులు బిగించేటప్పుడు మా ఆయన చేతులు ఆగాయి. కింద పడుకొనే మెల్లగా అడిగాడు. "ఇది బిగిస్తే అక్క మల్ల రాదు గదా?"

అక్కను అతను చూసింది చిన్నతనంలోనే. "అవ్వ ఉండాలె గదా" అన్నాను. అతను పానా తిప్పాడు.

అత్తమ్మకు చెప్పొద్దన్నాడు. నాకు మనసొప్పలేదు. ఎక్కేముందు చెప్పేశాను. "అత్తమ్మా, బండి బాగు చేసినం. ఇయ్యాల గొంతు రాకపోవచ్చు."

ఆమె పీట మీద నిలబడి నన్ను తేరిపార చూసింది. "మీరు చేసేది మీరు చెయ్యిరి. అది రావాల్నంటే వస్తది" అని ఎక్కి కూర్చొని, చేటను దగ్గరికి లాక్కుంది.

టేకు చెట్లు వచ్చాయి. మా ఆయన వేగం పెంచాడు. చక్రాల కింద రోడ్డు, ఇంజను చప్పుడు, అంతే. రేకు మీద ఆమె చేయి అలాగే ఉంది. చేటలో తుంపులు కదలలేదు. ఆ నిశ్శబ్దం ఇన్ని వారాల గొంతు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక చెట్టు, తరవాత ఒక చెట్టు. ఆమె చెవి రేకుకు ఆనించింది.

"ఏదే?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు. "ఏడబోయినవే?"

నేను ఆమె వీపు మీద చేయి వేశాను. అప్పుడు ఆ వీపులోంచి సన్నగా మొదలైంది. నోరు మూసుకొని, చేట మీదికి వంగి, అత్తమ్మే తీస్తున్నది. లేచి, పడి, పడేచోట విరిగి. అచ్చంగా అదే. ఆమె ఊపిరి తగిలి ఆకు తుంపులు కదిలాయి. వణుకుతూ జరిగి అదే అంచుకు, అదే వరుసకు చేరాయి. చెట్లు అయిపోయేదాకా ఆమె ఆపలేదు.

ఆసుపత్రి ముందు బండి ఆగింది. మా ఆయన దిగి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆమె చేటను నా ఒళ్లో పెట్టింది.

"పీట వెయ్యిరా" అంది. "నేనే దిగుత."

పుండు మానడానికి చలికాలం మొత్తం పట్టింది. రెండు వేళ్లు పోయాయి. కాలు దక్కింది, మనిషి దక్కింది. ఆ తరవాత ఎన్నో ఏళ్లు ఉంది. బొంబాయి నుంచి చాచా వచ్చాక సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! ఇగ మీ ఇంట్ల ముచ్చట చెప్పాల్నంటే బండిని ముందుగాల గుంజకు కట్టెయ్యాలె" అన్నాడు. అత్తమ్మ కూడా నవ్వింది.

కానీ ప్రతిసారీ టేకు చెట్ల దగ్గర కొడుకును మెల్లగా పోనిమ్మనేది. తన కూనిరాగం తను తీసుకునేది. నేను పక్కన కూర్చొని వినేదాన్ని. ఆ పిల్ల గొంతు నేను ఎరగను. నేను ఎరిగింది ఇనుము తీసిన గొంతు, ఆ తరవాత తల్లి తీసిన గొంతు. ఆ రెండూ ఒకేచోట విరిగేవి. తల్లి బండిని విని నేర్చుకుందో, ఆ గొంతు నిజంగానే ఎక్కడి నుంచో వచ్చి ఆ షాఫ్టును పట్టుకుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు. ఆమె బతికి ఉండి తీసింది. దానికే ఆ దేవుడికి నా దండం.